బంగాళాఖాతపు గాలులు, అలలు: పునర్విశ్లేషణ దత్తాంశాల తులనం

సముద్రం మీద వీచిన గాలిని ప్రతి గంటకూ ప్రతి చోటా కొలిచినవారెవరూ లేరు. ఓడలు తమ దారుల వెంట కొలిచాయి, లంగరు వేసిన బోయాలు తామున్న చోట కొలిచాయి, ఉపగ్రహాలు తమ కక్ష్యల కింది పట్టీల మీద కొలుస్తున్నాయి. ఈ కొలతలన్నిటినీ కలిపినా బంగాళాఖాతమంతటి జలరాశి మీద స్థలంలోనూ కాలంలోనూ ఖాళీలే ఎక్కువగా కనిపిస్తాయి. అయినా ఓడరేవుకు అలల అడ్డుగోడ కట్టదలచిన ఇంజనీరుకూ, తీరపు కోతను అధ్యయనం చేసే పరిశోధకునికీ, సముద్ర ప్రవాహాల నమూనాను నడిపే శాస్త్రవేత్తకూ మూడు నాలుగు దశాబ్దాల గాలి, ఖాళీలు లేకుండా, గంటగంటకూ కావాలి. ఆ అవసరాన్ని తీర్చేవే పునర్విశ్లేషణ దత్తాంశాలు.

పునర్విశ్లేషణ అంటే వాతావరణ సూచనకు వాడే సంఖ్యాత్మక నమూనాను ఒకే రూపంలో మార్చకుండా ఉంచి, గత దశాబ్దాల పరిశీలనలన్నిటినీ దానికి వరుసగా అందించి, ఆయా వేళల వాతావరణ స్థితిని తిరిగి లెక్కకట్టడం. రోజువారీ సూచనల పాత నిల్వలు ఈ పనికి సరిపోవు. నమూనాను మెరుగుపరచినప్పుడల్లా వాటిలోని గాలి స్వభావమూ మారిపోతుంది కనుక, వాతావరణంలో వచ్చిన మార్పేదో నమూనాలో వచ్చిన మార్పేదో విడదీయడం కష్టం. నమూనా అప్పటికే ఊహించిన స్థితినీ కొత్తగా అందిన కొలతలనూ, వేటిలో ఎంత దోషం ఉండవచ్చో అంచనా వేసి, ఆ మేరకు తూచి కలిపే ప్రక్రియకు దత్తాంశ సమ్మేళనమని పేరు. అనేక తాళపత్ర ప్రతుల నుంచి ఒక కావ్యానికి శుద్ధప్రతిని సిద్ధం చేసే పరిష్కర్త పని కూడా ఇటువంటిదే: ప్రతులు విభేదించినచోట అతడు విశ్వసనీయతను బట్టి ఎంచుకుంటాడు, ఆకులు శిథిలమైనచోట ఛందస్సునూ అర్థాన్నీ బట్టి పూరిస్తాడు. అయితే మంచి పరిష్కర్త తాను పూరించిన అక్షరాలకు గుర్తు పెడతాడు. పునర్విశ్లేషణలో కొలతల బలమున్న గాలీ, నమూనా తనంతట తాను పూరించిన గాలీ ఒకే దశాంశ స్థానాలతో, ఒకే ముఖంతో వినియోగదారుని ముందుకు వస్తాయి.

ఈ దత్తాంశాల చరిత్ర సుమారు మూడు దశాబ్దాలది. అమెరికా జాతీయ పర్యావరణ సూచన కేంద్రం, జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం కలిసి 1996లో వెల్లడించిన ఎన్‌సెప్–ఎన్‌కార్ పునర్విశ్లేషణలో, నమూనా భూతలాన్ని విభజించే ఒక్కొక్క గడి సుమారు 210 కిలోమీటర్ల వెడల్పుది. విశాఖపట్నం నుంచి మచిలీపట్నం వరకు ఉన్న తీరం అందులో ఒకటి రెండు గడులలో ఇమిడిపోతుంది. యూరప్ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం తయారుచేసిన ఈఆర్‌ఏ-40 గాలికి అలల నమూనాను జతచేసింది; దాని తరువాతి ఈఆర్‌ఏ-ఇంటెరిమ్ గడిని 79 కిలోమీటర్లకూ, నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న ఈఆర్‌ఏ5 దానిని 31 కిలోమీటర్లకూ కుదించాయి. 1940 నుంచి నేటి వరకు గంటగంటకూ గాలినీ, దానితోపాటు అలల ఎత్తునూ దిశనూ ఆవర్తన కాలాన్నీ ఈఆర్‌ఏ5 అందిస్తుంది. అమెరికావారి సీఎఫ్‌ఎస్‌ఆర్ 1979 నుంచి సుమారు 38 కిలోమీటర్ల గడితో, జపానువారి జేఆర్‌ఏ-55 1958 నుంచి సుమారు 55 కిలోమీటర్ల గడితో, నాసావారి మెర్రా-2 1980 నుంచి దాదాపు అర డిగ్రీ గడితో లభిస్తాయి. ఈ పట్టికను చూసి గడి చిన్నదైన దత్తాంశమే మేలైనదని తేల్చడం తొందరపాటు; నమూనా నిజంగా పట్టుకోగల అతి చిన్న వాతావరణ విశేషం గడి వెడల్పుకు అనేక రెట్లు ఉంటుంది.

బంగాళాఖాతం విషయంలో తులనకు మొదట అడ్డువచ్చే ప్రశ్న దత్తాంశం ఎంత మంచిదన్నది కాదు, ఏ చోటి గాలిని పోల్చాలన్నది. ఏదైనా ఒక తీరంలో కనిపించే అలలు రెండు పుట్టుకలవి. అక్కడి గాలి అక్కడికక్కడే లేపినవి గాలి అలలు. ఎక్కడో దూరాన తుపానులు లేపగా, ఆ గాలి పరిధిని దాటి స్వతంత్రంగా ప్రయాణించి వచ్చినవి స్వెల్ అలలు. మొదటివి పొట్టివి, ఆవర్తన కాలం నాలుగైదు సెకన్లుంటే వాటి పొడవు నలభై మీటర్ల లోపే. రెండవవి పొడవైనవి, 15 సెకన్ల ఆవర్తన కాలమున్న అల లోతు సముద్రంలో 350 మీటర్ల పొడవుంటుంది, దాని శక్తి గంటకు సుమారు 42 కిలోమీటర్ల వేగంతో, అంటే రోజుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల చొప్పున కదులుతుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో 45 డిగ్రీల అక్షాంశం దగ్గర పుట్టిన అటువంటి అల ఉత్తరాంధ్ర తీరాన్ని చేరడానికి సుమారు ఏడు వేల కిలోమీటర్లు, అంటే ఒక వారం ప్రయాణం. స్వెల్ అలలు మహాసముద్రాలను దాటి ఇంత దూరం పెద్దగా శక్తి కోల్పోకుండా రాగలవని వాల్టర్ మంక్ బృందం 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా వరకు వరుసగా కొలిచి నిరూపించింది. హిందూ మహాసముద్రంలో ఆ దారికి దక్షిణాన అడ్డేమీ లేదు. బంగాళాఖాతం అటువైపు నోరు తెరుచుకునే ఉంది.

అందువల్ల ఒక వాదం ఇక్కడ స్పష్టంగా చెప్పవలసి ఉంది. బంగాళాఖాతపు అలల నమూనాకు గాలి దత్తాంశాన్ని ఎంచుకోవడానికి బంగాళాఖాతపు బోయాలతో మాత్రమే తులన చేయడం, ఎంత శ్రద్ధగా చేసినా, సగం పరీక్ష. మిగిలిన సగం భూమధ్యరేఖకు దక్షిణాన, బోయాలు దాదాపు లేని, ఓడలు అరుదుగా తిరిగే, మేఘాలు తొలగని నలభై, యాభై డిగ్రీల అక్షాంశాలలో ఉంది. అక్కడ ఉపగ్రహాలు తప్ప వేరే గట్టి ఆధారం లేదు.

ఆ సగాన్ని వదిలేస్తే ఎంత మోసపోవచ్చో చిన్న లెక్క చెబుతుంది. అలల స్థితిని సూచించడానికి వాడే ప్రధాన కొలత గణనీయ అల ఎత్తు. వచ్చిన అలలలో అత్యంత ఎత్తైన మూడవ వంతు అలల సగటు ఎత్తుగా దానిని మొదట నిర్వచించారు, నేడు అలల మొత్తం శక్తి నుంచి రాబడుతున్నారు. శక్తి ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, గాలి అలల ఎత్తు వర్గాన్నీ స్వెల్ ఎత్తు వర్గాన్నీ కూడి వర్గమూలం తీస్తే మొత్తం ఎత్తు వస్తుంది. స్వెల్ 1.2 మీటర్లు, గాలి అలలు 0.9 మీటర్లు అయిన రోజున మొత్తం ఎత్తు 1.5 మీటర్లు. స్వెల్ 0.9, గాలి అలలు 1.2 అని తారుమారుగా లెక్కకట్టిన నమూనా కూడా 1.5 మీటర్లనే చూపిస్తుంది! గణాంక పట్టికలో దోషం సున్నా. కాని రేవులో కట్టిన ఓడను ఊపేదీ, తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ ఎత్తు పెంచుకుని విరిగేదీ, ప్రశాంతంగా కనిపించే రోజున హఠాత్తుగా పడవలను తిరగవేసేదీ పొడవైన స్వెల్; పొట్టి అలలకు ఆ లక్షణాలు అంతగా లేవు. మొత్తం ఎత్తును మాత్రమే పోల్చి, సహసంబంధ గుణకం 0.9 దాటిందని తృప్తిపడే అధ్యయనాలు ఈ రంగంలో కావలసినదానికన్నా ఎక్కువగా ఉన్నాయి. పోల్చవలసినది స్పెక్ట్రమ్‌ను, అంటే ఏ ఆవర్తన కాలంలో, ఏ దిశ నుంచి ఎంత శక్తి వచ్చిందన్న విభజనను. హైదరాబాద్‌లో 1999లో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం తీరం వెంట నిర్వహిస్తున్న వేవ్ రైడర్ బోయాలు ఈ విభజనను ఇవ్వగలవు.

మన దేశపు సొంత పునర్విశ్లేషణ అయిన ఇమ్‌డా ఈ సమస్యను మరో వైపు నుంచి చూపిస్తుంది. నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం, బ్రిటన్ వాతావరణ సంస్థ, భారత వాతావరణ శాఖ కలిసి రుతుపవనాల అధ్యయనం కోసం దీనిని 12 కిలోమీటర్ల గడితో తయారుచేశాయి. తూర్పు కనుమల వంపులూ గోదావరి, కృష్ణ డెల్టాల తీరరేఖా ఇందులో ప్రపంచ దత్తాంశాలలోకన్నా చాలా స్పష్టంగా కనిపిస్తాయి. అయితే దాని దక్షిణపు హద్దు 15 డిగ్రీల దక్షిణ అక్షాంశం. స్వెల్ అలలు పుట్టే గాలులు దాని పటంలోనే లేవు. కాబట్టి ఇమ్‌డా గాలితో నడిపే అలల నమూనాకు దక్షిణపు సరిహద్దు వెంట ఏదో ఒక ప్రపంచ దత్తాంశం నుంచి అలలను అందించాలి. అప్పుడు తీరంలో కనిపించిన దోషం ఇమ్‌డాదా, సరిహద్దు వద్ద అరువు తెచ్చుకున్న అలలదా అన్నది స్పెక్ట్రమ్‌ను విడదీస్తే తప్ప తేలదు.

గాలిని గాలితో పోల్చడం కూడా చూడడానికి కనిపించేంత తేలిక కాదు. పునర్విశ్లేషణలు గాలిని సముద్ర మట్టానికి 10 మీటర్ల ఎత్తున ఇస్తాయి. హిందూ మహాసముద్రంలో రుతుపవనాల పరిశోధన కోసం లంగరు వేసిన రామా శ్రేణి బోయాలు 4 మీటర్ల ఎత్తున కొలుస్తాయి. నీటి ఉపరితలపు ఘర్షణ వల్ల గాలి పైకి పోయేకొద్దీ హెచ్చుతుంది కనుక, సాధారణ పరిస్థితులలో 4 మీటర్ల గాలిని 10 మీటర్ల ఎత్తుకు సవరిస్తే వేగం సుమారు 8, 9 శాతం పెరుగుతుంది. రెండు మంచి దత్తాంశాల మధ్య ఉండే తేడా చాలాసార్లు ఇంతకన్నా తక్కువే. ఎత్తును సవరించకుండా చేసిన తులన ఏ దత్తాంశం గురించీ ఏమీ చెప్పదు. ఇక ఉపగ్రహాల మీది స్కాటరోమీటర్ నిజానికి గాలిని చూడదు. అది సముద్రపు నీటి మీద సెంటీమీటర్ల పాటి చిరు ముడతల నుంచి తిరిగివచ్చిన రాడార్ ప్రతిధ్వనిని కొలుస్తుంది, ఆ ముడతలు నీటికి సాపేక్షంగా ఉన్న గాలికి స్పందిస్తాయి. ప్రవాహం గాలి దిశలోనే సాగే చోట, ఉదాహరణకు మన తూర్పు తీరపు ప్రవాహం బలంగా ఉన్న నెలలలో, స్కాటరోమీటర్ గాలి తక్కువగా కనిపించడం పరికర దోషం కాదు. శ్రీహరికోట నుంచి 2009లో ఓషన్‌శాట్-2 మీద, 2016లో స్కాట్‌శాట్-1 మీద వెళ్లిన స్కాటరోమీటర్లు రెండు సెంటీమీటర్ల పాటి తరంగదైర్ఘ్యంతో పనిచేసేవి, వాటికి వర్షం అడ్డు వస్తుంది. ఐరోపా ఉపగ్రహాల మీది ఆస్‌కాట్ ఐదారు సెంటీమీటర్ల తరంగంతో వర్షాన్ని చాలావరకు తట్టుకుంటుంది కాని అది చూసే పట్టీలు ఇరుకు. రుతుపవనాల కాలంలో, గాలి బలంగా ఉండి వర్షమూ ఎడతెగని రోజులలో, ఈ తేడా నేరుగా ఫలితాలలోకి దిగుతుంది.

ఇంతకన్నా సూక్ష్మమైన చిక్కు స్వతంత్రతకు సంబంధించినది. ఈఆర్‌ఏ5 తన సమ్మేళనంలో స్కాటరోమీటర్ గాలులను వాడుకుంది. 1991లో ఈఆర్‌ఎస్-1 ఉపగ్రహం పనిచేయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆల్టిమీటర్ అనే ఉపగ్రహ రాడార్ కొలిచిన అల ఎత్తులనూ వాడుకుంది. అవే కొలతలతో ఈఆర్‌ఏ5ను మళ్లీ పరీక్షించి బాగా సరిపోయిందనడం, విద్యార్థికి ముందే ఇచ్చిన ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టడం వంటిది. అలల బోయాల కొలతలు మాత్రం ఆ సమ్మేళనంలో చేరలేదు కనుక వాటికి సాక్షులుగా నిలిచే అర్హత ఉంది. సత్యమేదో ముందుగా తెలియకుండానే మూడు వేర్వేరు మూలాల దోషాలను విడివిడిగా అంచనా వేసే పద్ధతిని ఆడ్ స్టోఫెలెన్ 1998లో ప్రతిపాదించాడు. అది నేడు విరివిగా వాడుకలో ఉంది, కాని ఆ మూడింటి దోషాలకు పరస్పర సంబంధం ఉండకూడదన్న షరతును వాడేవారు కొన్నిసార్లు మరచిపోతారు.

గాలిలోని చిన్న దోషం అలలలో పెద్దదవుతుంది. గాలి ఎంతో సేపు, ఎంతో దూరం ఎడతెగకుండా వీచి అలలు పూర్తిగా పెరిగిన స్థితిలో వాటి ఎత్తు గాలి వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. గాలిని 10 శాతం తక్కువ లెక్కిస్తే అల ఎత్తు 19 శాతం తగ్గుతుంది, అలల శక్తి దాదాపు 34 శాతం తగ్గుతుంది. అలల నమూనాలను నడిపేవారికి ఇది తెలుసు, అందుకే వారు ఒక సర్దుబాటు చేస్తారు. ప్రపంచమంతటా వాడే వేవ్‌వాచ్-3 నమూనాలో గాలి నుంచి అలలకు శక్తి ఎంత వేగంగా చేరాలో నిర్ణయించే ఒక గుణకం ఉంది. సీఎఫ్‌ఎస్‌ఆర్ గాలులకు దానిని 1.33 దగ్గరా, ఈఆర్‌ఏ5 గాలులకు 1.75 దగ్గరా నిలిపారు. ప్రకృతిలో ఆ గుణకానికి రెండు విలువలు ఉండవు. ఈఆర్‌ఏ5 బలమైన గాలులను కొంత తగ్గించి చూపుతుందన్న సంగతిని ఆ గుణకం తన భుజాన వేసుకుంది. ఒక దత్తాంశానికి సర్దిన నమూనాలో మరో దత్తాంశపు గాలిని పెట్టి, వచ్చిన అలలు చెడ్డవి కనుక ఆ గాలి చెడ్డదని తీర్పు చెప్పడం అన్యాయం. తులన జరగవలసింది గాలినీ నమూనానూ జంటగా తీసుకుని. ఒంటరి గాలికి మార్కులు వేసే పద్ధతి ఈ రంగంలో ఇంకా పోలేదు.

ప్రవాహాల నమూనాల సంగతి కొంత వేరు. అక్కడ కావలసినది గాలి వేగం కాదు, గాలి నీటిని ఈడ్చే బలం. అది వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, వాల్తేరు తీరంలో వేసవి ముందు నెలలలో తీరానికి సమాంతరంగా వీచే నైరుతి గాలి పైనీటిని సముద్రంలోకి నెట్టగా లోతుల నుంచి చల్లని నీరు పైకి రావడాన్ని వర్ణించాడు. స్థానిక గాలికి స్థానిక స్పందన అన్న ఈ చిత్రం నిజమే, కాని పూర్తిది కాదు. 1990లలో వచ్చిన నమూనా అధ్యయనాలు, తూర్పు తీరపు ప్రవాహాన్ని స్థానిక గాలితోపాటు నడిసముద్రపు గాలుల మెలితిప్పూ, భూమధ్యరేఖ వెంట వీచే గాలులూ శాసిస్తాయని చూపించాయి. భూమధ్యరేఖ మీది గాలి మార్పులు కెల్విన్ తరంగాలుగా తూర్పుకు సాగి, సుమత్రా తీరాన్ని తాకి, బంగాళాఖాతపు అంచు చుట్టూ తిరిగి ఆంధ్ర తీరాన్ని చేరతాయి. అలలకు దక్షిణ సముద్రం ఎలాగో, ప్రవాహాలకు భూమధ్యరేఖ అలాగ. పైగా గాలి మెలితిప్పు అన్నది పక్కపక్క గడుల గాలుల తేడా నుంచి పుడుతుంది కాబట్టి, సగటు గాలి ఒకేలా ఉన్న రెండు దత్తాంశాలు మెలితిప్పులో బాగా విభేదించవచ్చు.

తీరానికి దగ్గరయ్యేకొద్దీ ప్రపంచ దత్తాంశాల బలం సన్నగిల్లుతుంది. 31 కిలోమీటర్ల గడిలో సగం నేల, సగం నీరు ఉన్నప్పుడు నేల గరుకుతనం సముద్రపు గాలినీ మందగింపజేస్తుంది. ఈఆర్‌ఏ5లో మరో చిత్రమైన లోపం ఉంది: అది పరిశీలనలను పన్నెండేసి గంటల కట్టలుగా సమ్మేళనం చేస్తుంది, ఒక కట్ట ముగిసి మరొకటి మొదలయ్యే చోట, ముఖ్యంగా అంతర్జాతీయ కాలమానం ప్రకారం 9, 10 గంటల మధ్య, ఉష్ణమండల సముద్రాల మీది గాలిలో చిన్న కృత్రిమ కుదుపు కనిపిస్తుంది. ఆ సంగతిని తయారీదారులే ప్రకటించారు. మన కాలమానంలో అది మధ్యాహ్నం రెండున్నర, మూడున్నర మధ్య. సరిగ్గా సముద్రపు గాలి పుంజుకుని తీరాన్ని చేరే వేళ. ఒక రోజులోని గాలి మార్పులను అధ్యయనం చేసేవారు ఆ కుదుపును సముద్రపు గాలిగా భ్రమించే ప్రమాదం లేకపోలేదు.

తుపానులలో ఈ దత్తాంశాలన్నీ కష్టాలలో పడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరాన్ని దాటిన హుద్‌హుద్ గరిష్ఠ గాలి వేగాన్ని భారత వాతావరణ శాఖ గంటకు సుమారు 180 కిలోమీటర్లుగా అంచనా వేసింది. తుపాను కన్ను చుట్టూ అత్యధిక వేగపు వలయం వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లు మాత్రమే. 31 కిలోమీటర్ల గడి దానిని పట్టలేదు, 210 కిలోమీటర్ల గడికి అది కనిపించనే కనిపించదు. దత్తాంశపు గాలి తక్కువగా ఉందనే ముందు ఆ అంచనా మూడు నిమిషాల సగటు అన్నదీ, గడి సగటు అంతకన్నా సహజంగానే తక్కువ అన్నదీ గుర్తుంచుకోవాలి. అయినా ఆ మినహాయింపు తరువాత కూడా లోటు పెద్దదే. కాలపు ఎడం మరో దెబ్బ తీస్తుంది. ఆరు గంటలకొకసారి మాత్రమే గాలినిచ్చే దత్తాంశంలో, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదిలే తుపాను రెండు నమోదుల మధ్య 90 కిలోమీటర్లు జరుగుతుంది; మధ్య గంటలను సరళరేఖలో పూరించినప్పుడు, కదిలే ఒక బలమైన సుడికి బదులు, ఒకచోట ఆరిపోతూ మరోచోట వెలుగుతున్న రెండు బలహీన సుడులు నమూనాకు అందుతాయి. జేఆర్‌ఏ-55 ఈ లోటును వేరే దారిలో పూడ్చింది: తుపాను నమోదుల నుంచి తయారుచేసిన కృత్రిమ గాలులను సుడి చుట్టూ సమ్మేళనంలో చేర్చింది. అందువల్ల దాని గడి పెద్దదైనా తుపానులు మరింత నమ్మకంగా కనిపిస్తాయి. రూపకల్పన అవసరాలకు ఇంజనీర్లు అనుసరించే మార్గం, తుపాను కేంద్ర పీడనం నుంచి గాలి వలయాన్ని గణించే హాలండ్ 1980 సూత్రం వంటిదానిని పునర్విశ్లేషణ గాలి నేపథ్యం మీద అతికించడం. అతుకు ఎక్కడ పడాలన్నది ఇప్పటికీ అనుభవమే చెబుతుంది.

దీర్ఘకాలిక మార్పులను వెతికేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నమూనా మారకపోయినా దానికి అందే కొలతలు మారుతూ వచ్చాయి: 1979 నాటికి ఉపగ్రహాలు, 1991లో ఈఆర్‌ఎస్-1, 1999లో స్కాటరోమీటర్ ఉపగ్రహం క్విక్‌స్కాట్, 2007 నుంచి ఆస్‌కాట్. సీఎఫ్‌ఎస్‌ఆర్‌లో 1994కు ముందటి దక్షిణార్ధగోళపు బలమైన గాలులు ఆ తరువాతివాటికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. ఆ గాలులతో నడిపిన అలల నమూనాలో బంగాళాఖాతానికి వచ్చే స్వెల్ ఆ ఏడాది దగ్గర మెట్టు దిగినట్టు తగ్గుతుంది. తెలియనివారు దానిని వాతావరణ మార్పుగా ప్రచురించే అవకాశం ఉంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను ఇప్పుడు ఈఆర్‌ఏ5లోనూ జేఆర్‌ఏ-55లోనూ ఉంది. సుమారు ఐదు మీటర్ల ఉప్పెనతో పదివేల మంది ప్రాణాలు తీసిన ఆ తుపానుకు తిరిగి లెక్కకట్టిన గాలి, అలలు ఎవరైనా కొద్ది నిమిషాలలో దింపుకోవచ్చు. కాని ఆ రోజున బంగాళాఖాతం మీద స్కాటరోమీటర్ లేదు, లంగరు వేసిన బోయా లేదు. ఉన్నవి కొన్ని ఓడల నివేదికలు, తీరపు పీడన మాపకాలు, మేఘాల చిత్రాలు. ఈఆర్‌ఏ5లోని ఆ రోజు గాలి ఎక్కువ భాగం నమూనా భౌతికశాస్త్రం పూరించినది, జేఆర్‌ఏ-55లోనిది తుపాను నమోదుల నుంచి రూపొందిన కృత్రిమ గాలి ఆకారాన్ని అనుసరించినది. ఆ ఉప్పెనను మళ్లీ గణించదలచినవారు ఈ రెండింటిలో దేనినీ నేరుగా నమూనాలో పెట్టకుండా, నమోదైన కేంద్ర పీడనాల నుంచి గాలి వలయాన్ని కట్టి, తరువాత గ్రామాలలో గోడల మీదా చెట్ల మీదా గుర్తించిన నీటి మట్టాలతో సరిచూడవలసి ఉంటుంది.